ట్రైలర్ రూఫ్ అంచులు విప్పి మళ్లీ సీల్ వేసుకోవడం, మన తిరుపతి ఎండకీ వానకీ తట్టుకునేలా

క్యారవాన్ ట్రైలర్ గానీ, బైపాస్ పక్కన సాయంత్రం పూట దోశెలు పోసే ఫుడ్ ట్రైలర్ గానీ, పైకప్పు నడిమధ్యలో కారడం అరుదు. కారేదంతా దాదాపు అంచుల్లోనే, అంటే రూఫ్ షీటు, పక్కగోడ ప్యానెల్ కలిసే చోట అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారంలో వంచిన పట్టీ) పెట్టి వరసగా స్క్రూలు బిగించి ఉంటారు చూడండి, అక్కడ. ఆ యాంగిల్ కింద ఒక సీల్, పైన ఒక సీల్ ఉంటాయి, మన కంటికి కనిపించేది పైదే కాబట్టి కారినప్పుడల్లా షాపుకి పోయి సిలికాన్ ట్యూబు తెచ్చి దాని మీదే ఇంకో పొర పూసేస్తాం. మెకానిక్ కూడా "పైన ఒక లైన్ గీసేస్తే సరిపోతుందిలేన్నా" అంటాడు. నీళ్లని నిజంగా ఆపేది కింద ఉండే సీల్. అది ఎండి పీలికలైపోయాక పైన ఎన్ని ట్యూబులు పోసినా మళ్లీ వానకి మళ్లీ బకెట్ పెట్టుకోవాల్సిందే. అందుకని ఇక్కడ పైపూత గురించి కాదు, యాంగిల్ విప్పి, లోపల శుభ్రం చేసి, కొత్త టేప్ వేసి తిరిగి బిగించే పద్ధతి మొత్తం రాస్తున్నా. ఒక్కరితో అయ్యే పని కాదు, ఇద్దరు కావాలి, తొందరపడకుండా రెండు మూడు రోజులు పెట్టుకోండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

మనకి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు మునిగిన వాన, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వాన చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, గాలితో కలిసి పక్క నుంచి కొడుతుంది, నిటారుగా పడే వానకి కారని అంచు కూడా దానికి కారుతుంది. కాబట్టి ఎట్లాగైనా సెప్టెంబర్ లోపల పని ముగియాలి. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి అన్నిటికన్నా మంచిది, వాన భయం ఉండదు, తడిసిన ప్లైవుడ్ బాగా ఆరుతుంది, ఎండ ఇంకా ముదరదు.

మే నెల మాత్రం వద్దు. చాలా సీలెంట్ల ప్యాకు మీద 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంటుంది, అది గాలి వేడి ఒక్కటే కాదు, మనం పూసే షీటు వేడి కూడా, మే మధ్యాహ్నం రూఫ్ మీద చెయ్యి కూడా పెట్టలేం. వేడి షీటు మీద వేస్తే పైన వెంటనే తోలు కట్టేసి కింద బుడగలు వస్తాయి. ఎండాకాలమే తప్పదంటే షెడ్ కింద పెట్టుకుని, పొద్దున తొమ్మిది లోపల సీలెంట్ పని ముగించేయండి. చలికాలం పొద్దున్నే ఇంకో సమస్య, రూఫ్ మీద మంచు పడి ఉంటుంది, చూపుకి పొడిగా అనిపించినా చెయ్యి రుద్దితే తడి తగులుతుంది, అది పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి.

నీళ్లు యాడ దూరుతున్నాయో ముందు కనుక్కోండి

లోపల మరక ఉన్నచోటే పైన ఓటు, అంటే కారే సందు, ఉందనుకోవద్దు. నీళ్లు ముందు మూలలో దూరి, ఫ్రేమ్ పట్టుకుని వాలు ఎటుంటే అటు పారి, వెనకాల అల్మరా పైన ఏదో ఒక స్క్రూ దగ్గర బయటపడతాయి. అందుకే పైపు పట్టి పరీక్ష చేసేటప్పుడు కింద నుంచి పైకి రావాలి. ముందు కిటికీల కింది భాగం, తర్వాత కిటికీల పైభాగం, తర్వాత ముందూ వెనకా ఉండే చిన్న లైట్లు, ఆఖరికి రూఫ్ అంచు. ఒక్కో చోట పది నిమిషాలు మామూలు ధారతో పోయాలి, లోపల ఇంకొకరు టార్చ్ పట్టుకుని కూర్చోవాలి. ఒకేసారి పైన పోసేస్తే నీళ్లు అన్నిటి మీదా పారతాయి, ఏది కారుతోందో ఏమీ తెలియదు. ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది బాగున్న సీల్‌ని కూడా లేపేస్తుంది.

ఇంకో పద్ధతి ఉంది, ఇది నాకు ఎక్కువ నమ్మకం. తలుపులు, వెంట్లు, సింకు రంధ్రాలు అన్నీ టేపుతో మూసేసి, ఒక కిటికీలో అట్ట బిగించి దాని రంధ్రంలో నుంచి బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టండి. గ్యాస్ స్టవ్, సిలిండర్ ముందే కట్టేసి సిలిండర్ బయట పెట్టేయాలి. లోపల గాలి కొంచెం నిండాక బయట అంచుల మీద సబ్బు నీళ్లు స్ప్రే చేసుకుంటూ పోతే ఓటు ఉన్నచోట బుడగలు లేస్తాయి. బుడగ వచ్చిన ప్రతి చోటా మార్కర్‌తో గీత పెట్టుకోండి.

పనిలో పనిగా లోపల వైపు పైమూలలన్నీ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ప్యానెల్ లోపలికి దిగినా, మెత్తగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా కింద చెక్క పోయినట్టే, దానికి తగ్గట్టు సామాను తెచ్చుకోవాలి.

సామాను

ముందు మీ రూఫ్ ఏ సరుకో తెలుసుకోండి. మన దగ్గర కట్టించిన ట్రైలర్లకి ఎక్కువగా జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) షీటో, అల్యూమినియం షీటో, ఏసీపీనో (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే ప్యానెల్), ఎఫ్‌ఆర్‌పీనో (ఫైబర్ గ్లాస్) ఉంటుంది. అమెరికాలో తయారైన ట్రావెల్ ట్రైలర్లకి చాలావాటికి ఈపీడీఎం అనే రబ్బరు పొర గానీ టీపీఓ అనే ప్లాస్టిక్ పొర గానీ ఉంటుంది. రబ్బరు రూఫ్ అయితే కిరసనాయిలు, పెట్రోలు, టర్పెంటైన్ దాని దరిదాపులకి రానీయొద్దు, ఉబ్బిపోతుంది. దానికి డైకోర్ లాంటి కంపెనీలు ప్రత్యేకంగా ల్యాప్ సీలెంట్ (అంచుల మీద, స్క్రూల మీద పూసేది) చేస్తాయి, అదే తెప్పించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం బ్యూటైల్ టేప్, ఒక రకం జిగట రబ్బరు టేపు. చుట్టగా వస్తుంది, రెండు వైపులా అంటుకుంటుంది, ఏళ్ల తరబడి గట్టిపడకుండా మెత్తగా జిగటగానే ఉంటుంది, దాని గొప్పతనమే అది. యాంగిల్ రెక్క వెడల్పుని బట్టి 20 లేదా 25 మిల్లీమీటర్లది, మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోండి. ఫోమ్ టేప్ ఇస్తే వద్దనండి, అది నీళ్లు పీల్చుకుంటుంది. తారు టేపు కూడా వద్దు, మన ఎండకి కరిగి గోడ మీద నల్లగా జారుతుంది.

పైన వేసే సీలెంట్‌కి నా ఓటు ఎంఎస్ పాలిమర్‌కి, దాన్నే హైబ్రిడ్ అని కూడా అమ్ముతారు. ఎండకి ఆగుతుంది, సాగుతుంది, పైన పెయింట్ పడుతుంది. బస్ బాడీ పనుల్లో వాడే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్, సికాఫ్లెక్స్ 221 లాంటివి, పట్టు చాలా గట్టిది, కానీ నేరుగా ఎండ తగిలితే కాలం గడిచేకొద్దీ పసుపెక్కి పైన పొడిపొడిగా అవుతుంది, కాబట్టి దాని మీద పెయింట్ తప్పనిసరి. అద్దాల షాపుల్లో దొరికే మామూలు సిలికాన్ మాత్రం ట్రైలర్ రూఫ్ మీద పెట్టొద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం జీఐ షీటు మీది జింక్‌ని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం లోహానికి హాని చెయ్యదు గానీ, సిలికాన్ ఒకసారి పడ్డచోట తర్వాత ఇంకేదీ సరిగా అంటుకోదు, పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ కూడా గట్టిగా పట్టదు. ఎం-సీల్ పెట్టే అలవాటు కూడా మానుకోవాలి, అది రాయైపోతుంది, ట్రైలర్ అంచు రోజూ కదులుతుంది.

ఎంత కదులుతుందంటే, అల్యూమినియం ఒక మీటరుకి ఒక్కో డిగ్రీకి 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీలు ఉన్న యాంగిల్ మధ్యాహ్నానికి 65కి చేరిందంటే, 5 మీటర్ల పొడవు మీద దగ్గరదగ్గర 5 మిల్లీమీటర్ల తేడా. కింద చెక్క అంత సాగదు. ఆ తేడా అంతా భరించాల్సింది సీలే, రోజూ, ఏడాది పొడవునా. పైగా మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో మలుపు తిరిగేటప్పుడు బాడీ మెలి తిరుగుతుంది, ఆ ఒత్తిడి అంతా వచ్చి పడేది మూలల మీదే.

లెక్క ఇట్లా వేసుకోండి. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు రూఫ్ అంటే చుట్టుకొలత 14 మీటర్లు, టేప్ అతుకులకి, మూలలకి కలిపి 16 మీటర్లు ఉండాలి. పైన స్క్రూ తలలు మునిగేలా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం పట్టీ వేస్తే 300 ఎంఎల్ ట్యూబు ఒకటి 3.75 మీటర్లు వస్తుంది, అంటే నాలుగు ట్యూబులు, చేతిలో ఇంకొకటి అదనంగా పెట్టుకోండి. మధ్యలో అయిపోయి షాపుకి పరిగెత్తితే వేసిన కొస తోలు కట్టేస్తుంది.

స్క్రూలు 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొత్తవి తీసుకోండి, పాతవి తిరిగి వాడొద్దు. వీటితో పాటు ప్లాస్టిక్ స్క్రేపర్లు, హీట్ గన్, గట్టి పట్టున్న సీలెంట్ గన్, మాస్కింగ్ టేప్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత కాటన్ బట్టలు బోలెడన్ని, నైట్రైల్ గ్లౌజులు. పీయూ వాడేవాళ్లు గాలి ఆడేచోటే పని చేయండి.

యాంగిల్ విప్పడం

మొదట బ్యాటరీ, కరెంటు కనెక్షన్ రెండూ తీసేయండి, అంచు లోపల లైట్ల వైర్లు పోతుంటాయి. ట్రైలర్ చక్రాలకి అడ్డం పెట్టి, జాకీలు దించండి. రూఫ్ ఎక్కడం కన్నా పక్కన స్టూళ్ల మీద పలక వేసుకుని నిలబడి చేయడమే మంచిది. ఎక్కక తప్పదంటే ఫ్రేమ్ బార్ల మీద ఆనేలా ప్లైవుడ్ పలక వేసి దాని మీద మోకాళ్లతో ఉండండి, షీటు మీద నేరుగా కాలు పెడితే సొట్ట పడి అక్కడ నీళ్లు నిలుస్తాయి.

నాలుగు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒక వైపు విప్పి, ముగించి, తర్వాత ఇంకో వైపు. అనుకోకుండా సాయంత్రం వాన వస్తే ఒక్క వైపే టార్పాలిన్ కప్పుకోవచ్చు.

యాంగిల్ మధ్య గాడిలో ప్లాస్టిక్ బీడింగ్ ఉంటే కొస పట్టి లాగేయండి. ఎండకి అది కుంచించుకుపోయి చివరల్లో రెండు మూడు స్క్రూలు బయటపడి ఉండటం గమనిస్తారు, నీళ్లు మొదట దూరేది చాలాసార్లు ఆ స్క్రూల్లో నుంచే. తర్వాత పై సీలెంట్‌ని హీట్ గన్‌తో తక్కువ వేడి మీద మెత్తబరిచి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయాలి, ఎఫ్‌ఆర్‌పీ, ఏసీపీల మీద గన్‌ని ఒకేచోట ఆపొద్దు. స్క్రూలు తీసేటప్పుడు ఏది తుప్పు పట్టిందో, ఏది పట్టు లేకుండా ఊరికే తిరుగుతోందో ఆ రంధ్రం పక్కన గుర్తు పెట్టుకోవాలి. యాంగిల్‌ని ఒక కొస నుంచి మెల్లగా లేపుతూ ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దించండి, ఒక్కరే లాగితే మధ్యలో వంగుతుంది, వంగిన యాంగిల్ మళ్లీ సరిగా కూర్చోదు. దాని వెనకాల ఏ వైపుదో, ముందు కొస ఏదో మార్కర్‌తో రాసేయండి.

ఇప్పుడు కింద చూడండి. బాగున్నచోట పాత టేప్ ఇంకా వేలికి అంటుకుంటుంది, చెక్క తేనెరంగులో ఉంటుంది. ఓటు ఉన్నచోట టేప్ ఎండి విరుగుతుంది, స్క్రూ రంధ్రం చుట్టూ నల్లటి వలయం ఉంటుంది, ఆ వలయం మధ్యలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే చెక్క నానిన అటుకుల్లా విడిపోతుంది. ఆ నలుపు ఎంతదాకా పాకిందో అంతదాకా వెతుక్కుంటూ పోవాలి, సగంలో ఆపొద్దు.

చెక్క బాగుచేయడం

కొంచెం తడే అయితే ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి, ఎన్ని రోజులైనా సరే. తడి లోపల పెట్టి పైన మూసేస్తే అది బయటకి పోయే దారి లేక మొత్తం కుళ్లిపోతుంది. మెత్తబడిన ముక్క కోసేసి అదే మందం మెరైన్ ప్లైవుడ్ ముక్క పెట్టాలి, అంచులకి ఎపాక్సీ పూసి. స్క్రూ రంధ్రం ఒక్కటే పెద్దదైపోయిందంటే జిగురు ముంచిన చెక్క పుల్ల దిగ్గొట్టి, ఆరాక సమానంగా కోసి కొత్తగా సన్న డ్రిల్ వేసుకోవచ్చు. పొడుగు స్క్రూ పెడితే పట్టుకుంటుందిలే అనుకోవద్దు, లోపల వైరు ఉంటే దాంట్లోకే దిగుతుంది. ఇనుప ఫ్రేమ్ ఉన్నవాళ్లు తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి.

శుభ్రం చేయడం

విసుగు పుట్టే పని ఇదే, సీల్ నిలబడేది కూడా దీని మీదే. పాత బ్యూటైల్ మరకలకి లోహం మీద టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డ. లోహానికి తీగ బ్రష్, గ్రైండర్ వద్దు, స్కాచ్ బ్రైట్ చాలు.

పాత సిలికాన్ ఉంటే పైపైన గీకితే పోదు, కంటికి కనపడని జిడ్డు పొర మిగులుతుంది. సిలికాన్ రిమూవర్ మీ రూఫ్ సరుకుకి పనికొస్తుందో లేదో ప్యాకు మీద చూసి పూసి, నానబెట్టి, గీకి, మళ్లీ తుడవాలి. అయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూడండి. శుభ్రమైన చోట నీళ్లు పలచగా పరుచుకుంటాయి, జిడ్డు ఉన్నచోట పూసల్లా విడిపోయి నిలబడతాయి. మాస్కింగ్ టేప్ ముక్క అంటించినా తెలుస్తుంది, సిలికాన్ ఉన్నచోట అది పట్టదు. పూసలు కనిపించినంత కాలం తుడుస్తూనే ఉండాలి.

పీయూ వాడేవాళ్లకి ఒక మాట, ఆల్కహాల్ తడి మిగిలి ఉంటే పీయూ సరిగా గట్టిపడదు. తుడిచాక పూర్తిగా ఆరాకే గన్ పట్టండి.

టేప్ వేసి బిగించడం

టేప్‌ని యాంగిల్‌కి వెనకాల అంటించండి, రూఫ్ మీద కాదు, అప్పుడే సూటిగా వస్తుంది. సాగదీయొద్దు, సాగితే పలచబడుతుంది. స్క్రూల వరస టేప్ మధ్యలో పోవాలి, అప్పుడే ప్రతి స్క్రూ టేప్‌ని పొడుచుకుంటూ దిగి దాని మెడ చుట్టూ సీల్ అవుతుంది. అతుకు వచ్చినచోట కొసలు ఎదురెదురుగా పెట్టి వేలితో కలిపి నొక్కేయండి, మూల దగ్గర చిన్న ముద్ద అదనంగా పెట్టండి. షీటు ఎగుడుదిగుడుగా ఉన్నచోట రెండు పొరలు వేసుకోవచ్చు. ఎండ వేడికి టేప్ మరీ మెత్తబడి చేతికి అతుక్కుంటూ ఉంటే నీడలో పెట్టి కొంచెం చల్లారాక వాడండి.

పై కాగితం ఇంకా తీయకుండానే యాంగిల్ ఒకసారి పైన పెట్టి, రంధ్రాలు కుదిరాయో లేదో చూసుకోవాలి, ఒకసారి అంటుకుంటే జరపడం కష్టం. సరిపోయాక కాగితం లాగి, మధ్యలో నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపూ స్క్రూలు వేసుకుంటూ పోండి. కొసల నుంచి వస్తే మధ్యలో ఉబ్బు మిగులుతుంది. డ్రిల్‌తో తక్కువ టార్క్ (తిప్పే బలం) మీద దించి ఆఖరి మలుపు చేత్తో తిప్పండి. అంచు పొడవునా టేప్ సన్నగా బయటకి ఉబికి వస్తే అంతా కూర్చున్నట్టు, ఒకచోట ఉబకలేదంటే అక్కడ ఖాళీ ఉంది.

ఆ రోజుకి అక్కడితో ఆపండి. ఒక ఎండ తగిలితే టేప్ ఇంకొంచెం సర్దుకుంటుంది, మర్నాడు చూస్తే స్క్రూలు కొన్ని వదులయి ఉంటాయి, అన్నీ మళ్లీ పావు మలుపు బిగించాలి. చాలామంది ఈ మర్నాటి బిగింపు వదిలేస్తారు, దయచేసి వదలొద్దు. ఆ తర్వాతే బయటకొచ్చిన టేప్‌ని ప్లాస్టిక్ బ్లేడుతో కోసేయండి.

పై సీలెంట్

యాంగిల్ పై అంచుకి రెండు వైపులా మాస్కింగ్ టేప్ వేసుకుని, ట్యూబు మూతిని 45 డిగ్రీలకి కోసి, ఆగకుండా ఒకే చేతి వేగంతో లాగండి. రూఫ్ పైభాగంలో పరుచుకునే రకం వాడుకోవచ్చు, నిలువు గోడ మీద మాత్రం జారని రకమే. స్క్రూ తలలన్నీ మునగాలి. తోలు కట్టకముందే ప్లాస్టిక్ పట్టీతో నొక్కి సమం చేసి, మాస్కింగ్ టేప్ అప్పుడే లాగేయాలి, ఆరాక లాగితే సీలెంట్ కూడా చిరిగి వస్తుంది. 6 మిల్లీమీటర్లు దాటిన సందు ఎక్కడైనా ఉంటే లోపల ఫోమ్ తాడు పెట్టి పైన పూయండి, లోతుగా సీలెంట్ కుక్కితే అది సాగలేదు.

యాంగిల్ కింది అంచుని మాత్రం మూసేయొద్దు. పైన ఎప్పుడైనా చుక్క దూరినా బయటకి పోవడానికి ఆ సందు ఉండాలి. నీళ్లు పారే గాడి ఉన్న యాంగిల్ అయితే ఆ గాడిలో, దాని కొసల్లో సీలెంట్ పడకుండా చూసుకోండి, లేకపోతే నీళ్లు నిలిచి వెనక్కి పొంగుతాయి.

మూలలు నాలుగూ, ముందు వెనక లైట్లూ ఇదే పద్ధతిలో, లైటు విప్పి కింద బ్యూటైల్ వేసి, పైన, రెండు పక్కల సీలెంట్ వేసి, కింద వదిలేయాలి. మూల దగ్గర మూడు ముక్కలు కలుస్తాయి, అక్కడ మూత తీసి లోపల కూడా నింపాలి, పైన పూస్తే చాలదు.

ఆరడం, తర్వాత చూసుకోవడం

ఈ సీలెంట్లు గాలిలో చెమ్మతో గట్టిపడతాయి, రోజుకి సుమారు 3 మిల్లీమీటర్ల లోతు చొప్పున, ఎండ ఎక్కువైనంత మాత్రాన తొందరగా ఆరదు. కాబట్టి వేసిన మందాన్ని బట్టి రెండు మూడు రోజులు ట్రైలర్ కదపొద్దు, ఆ తర్వాత మళ్లీ సబ్బు బుడగల పరీక్ష చేయండి, మొదట గుర్తు పెట్టిన ప్రతి గీత దగ్గరా. వారం దాకా ఘాట్ రోడ్డు ఎక్కకపోవడం మంచిది.

తర్వాత ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసి చూడాలి, సెప్టెంబర్‌లో ఒకసారి, వానలు పోయాక జనవరిలో ఒకసారి. వెంట్రుకంత చీలిక కనిపిస్తే అక్కడ శుభ్రం చేసి అదే రకం సీలెంట్ కొంచెం వేస్తే సరిపోతుంది. చెట్టు కింద నిలిపేవాళ్లు గాడిలో ఆకులు ఎప్పటికప్పుడు తీసేయండి. ప్రయాణంలో ఉండగా కారడం మొదలైతే అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ ఫ్లాషింగ్ టేప్ ఒక చుట్ట దగ్గరుంటే రూఫ్ తుడిచి, ఆరబెట్టి, పైన అంటించుకుని ఇంటికి చేరొచ్చు, వానలు తగ్గాక ఆ టేప్ పీకేసి కింద యాంగిల్ విప్పి చూడాలి.